బెదిరే కుక్కకు ఇంట్లోనే గోళ్ళు తీయడం

చెన్నై నగరంలో కుక్కను పెంచుకొనే తెలుగు కుటుంబాలలో పలువురికి ఒక సందేహం కలుగుతుంది. సొంత ఊళ్ళో పెద్దల ఇంటి వాకిట పెరిగిన కుక్కకు ఎవరూ ఎన్నడూ గోళ్ళు తీసి ఎరుగరు. మరి పట్నంలో మాత్రం ఈ పని ఎందుకు అవసరమవుతుంది? సందేహం సహేతుకమైనదే. పల్లెలోని కుక్క రోజంతా గరుకు నేల మీద, రాళ్ళ మీద, రోడ్ల మీద తిరుగుతుంది. ఆ రాపిడికి గోరు ఎప్పటికప్పుడు అరిగిపోతుంది. నగరంలో అపార్టుమెంటు కుక్క జీవితం వేరు. రోజులో అధిక భాగం అది నున్నని టైల్సు మీదనే గడుపుతుంది. ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట నడకతో గోరు అరగదు. పెరుగుదల మాత్రం ఆగదు.

కుక్క నడుస్తున్నప్పుడు నేల మీద టకటక శబ్దం వినబడితే గోళ్ళు పెరిగాయని గ్రహించవచ్చు. పెరిగిన గోరు నేలను తాకిన ప్రతిసారీ వేలిని పైకి నెడుతుంది. కుక్క తన బరువును వెనుకకు మార్చుకొని నడవడం మొదలుపెడుతుంది. క్రమంగా వేళ్ళు ఎడంగా విచ్చుకొంటాయి, కీళ్ళపై ఒత్తిడి పెరుగుతుంది, నున్నని నేల మీద కాలు జారుతుంది. ముసలి కుక్కలకు ఈ బాధ మరింత అధికం. పొడవైన గోరు తివాచీకో కిటికీ తెరకో చిక్కుకొని మొదలంటా ఊడిపోవడం కూడా జరుగుతుంది.

అయితే అసలు చిక్కు గోటిలో లేదు, భయంలో ఉంది. కత్తెర కనబడగానే మంచం కిందికి దూరే కుక్కలు అనేకం. "ఒరే, దాన్ని గట్టిగా పట్టుకోరా, ఒక్క నిమిషంలో అయిపోతుంది" అని పెద్దవారు తొందరపెడతారు. ఇద్దరు పట్టుకొంటారు, ఒకరు కత్తిరిస్తారు. ఒకనాడు ఆ పెనుగులాటలో ఎవరి చేతికో పన్ను దిగుతుంది. ఆ చేయి పసివాడిదైతే, మరునాటి నుండి ఆ ఇంట్లో కుక్కకు స్థానం ఉండదు. కరిచే కుక్క అని ముద్ర పడిన జంతువు వీధిపాలు కావడం నగరాలలో కొత్త కాదు. కాబట్టి గోళ్ళు తీసే పద్ధతి తెలుసుకోవడం ఇంటివారి క్షేమానికీ కుక్క జీవితానికీ సంబంధించిన విషయం.

గోరు నిర్మాణం

కుక్కకు సాధారణంగా 18 గోళ్ళు ఉంటాయి. ఒక్కొక్క పాదానికి నాలుగు చొప్పున 16, ముందు కాళ్ళ లోపలి వైపున నేలకు తగలకుండా ఉండే పైగోళ్ళు 2. కొన్ని కుక్కలకు వెనుక కాళ్ళకు కూడా పైగోళ్ళు ఉంటాయి. నడకలో నేలను తాకవు గనుక పైగోళ్ళు అరగవు. వాటిని మరచిపోతే గుండ్రంగా వంగి చర్మంలోకి దిగుతాయి. బొచ్చు ఎక్కువగా ఉన్న కుక్కలలో ఇవి కంటికి కనబడవు. చేతితో తడిమి చూడాలి.

గోటికి రెండు భాగాలు ఉంటాయి. పైనున్నది గట్టి చిప్ప. మనిషి గోటిలో, వెంట్రుకలో ఉండే కెరాటిన్ అనే పదార్థంతోనే అది ఏర్పడుతుంది. దానికి నొప్పి తెలియదు. లోపలిది జీవభాగం. అందులో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. కత్తెర ఈ జీవభాగాన్ని తాకితే నెత్తురు వస్తుంది, నొప్పి తీవ్రంగా ఉంటుంది. ఆ నొప్పిని ఒక్కసారి అనుభవించిన కుక్క కత్తెరను చాలాకాలం మరువదు.

తెల్లని గోటిలో జీవభాగం లేత గులాబీ రంగులో బయటికే కనబడుతుంది. నల్లని గోటిలో కనబడదు. వీధి నుండి తెచ్చి పెంచుకొన్న దేశవాళీ కుక్కలలో చాలావాటికి గోళ్ళు నల్లగానే ఉంటాయి. వాటి విషయంలో పాటించవలసిన జాగ్రత్త ముందు వివరించబడుతుంది.

మరొక విషయం కూడా గుర్తుంచుకోవాలి. గోరు పెరిగే కొద్దీ జీవభాగం కూడా ముందుకు సాగుతుంది. చాలాకాలం వదిలేసిన గోటిని ఒకే రోజున పొట్టిగా చేయడం సాధ్యం కాదు. వారానికి ఒకసారి కొస మాత్రమే తీస్తూ పోతే జీవభాగం నెమ్మదిగా వెనుకకు తగ్గుతుంది. గోళ్ళు సరైన పొడవుకు వచ్చిన తరువాత మూడు నాలుగు వారాలకు ఒకసారి తీస్తే సరిపోతుంది.

భయాన్ని చదవడం

కుక్క నోరు తెరిచి చెప్పలేదు గాని శరీరంతో చెబుతుంది. భయం మొదలైనప్పుడు తిండి లేకపోయినా పెదవులు నాకుకొంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, ముఖం పక్కకు తిప్పుకొంటుంది, చెవులు వెనుకకు వాల్చుతుంది. భయం పెరిగిన కొద్దీ తోక కాళ్ళ మధ్యకు చేరుతుంది, కంటి తెలుపు అంచున కనబడుతుంది, శరీరం వణుకుతుంది, కాలు వెనుకకు లాక్కొంటుంది. ఉన్నట్టుండి కదలక మెదలక బిగుసుకుపోవడం అన్నిటికంటె ప్రమాదకరమైన గుర్తు. చూసేవారు దానిని "బుద్ధిగా కూర్చుంది" అని పొరబడతారు. నిజానికి కాటుకు ముందు వచ్చే నిశ్శబ్దం అదే కావచ్చు.

గుర్రుమనడం హెచ్చరిక. "ఇక చాలు" అనే మాటను కుక్క తనకు తెలిసిన భాషలో పలుకుతున్నది. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అనే సామెత మనుషుల మధ్య లెక్కలకు సరిపోవచ్చు గాని, బెదిరిన కుక్క దగ్గర అది పనికిరాదు. గుర్రుమన్నందుకు దెబ్బ తిన్న కుక్క భయాన్ని మానుకోదు, గుర్రుమనడాన్ని మానుకొంటుంది. ఆ తరువాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

భయాన్ని మాపే మార్గం

రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. ఒక శబ్దం వినిపించి వెంటనే ఆహారం పెడుతూ పోతే, కొంతకాలానికి ఆ శబ్దం వినగానే కుక్క నోట లాలాజలం ఊరుతుందని ఆయన చూపించారు. మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ భయాన్ని పోగొట్టడానికి ఆహారాన్ని ఉపయోగించిన తీరును 1924లో ప్రకటించారు. కుందేలును చూసి భయపడే పసివాడు తనకు ఇష్టమైన తిండి తింటూ ఉండగా, ఆమె కుందేలును మొదట దూరంగా ఉంచి, అతడు కలతపడనంత మేరకే క్రమక్రమంగా దగ్గరకు తెచ్చారు. చివరకు ఆ పిల్లవాడు కుందేలును చేతితో తాకగలిగాడు.

కత్తెరకు భయపడే కుక్క విషయంలోనూ మార్గం ఇదే. రెండు నియమాలు దీనికి మూలం. మొదటిది, భయపెట్టే వస్తువును కుక్క తట్టుకోగలిగినంత కొద్దిగా మాత్రమే చూపాలి. రెండవది, వస్తువు కనబడిన తరువాతనే రుచికరమైన తిండి రావాలి. ఈ వరుస తారుమారు కాకూడదు. తిండి ముందు చూపి తరువాత కత్తెర తీస్తే, కొద్దిరోజులలో కుక్క తిండిని చూసి కూడా పారిపోతుంది.

తిండి ముక్క బఠాణీ గింజంత ఉంటే చాలు. ఉడికించిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు, పన్నీరు, ఉడికించిన చిలగడదుంప అనువైనవి. ఉప్పు, కారం, మసాలా ఉండరాదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ కుక్కలకు విషతుల్యం. ఈ ముక్కలను మామూలు భోజనంలో కలపకుండా కత్తెర పాఠానికే ప్రత్యేకించాలి.

మెట్టు వెంట మెట్టు

ఒక్కొక్క పాఠం రెండు మూడు నిమిషాలకు మించరాదు. రోజుకు ఒకటి లేదా రెండు పాఠాలు చాలు. ఒక మెట్టులో కుక్క వరుసగా మూడు పాఠాలు నిశ్చింతగా ఉంటేనే తరువాతి మెట్టుకు పోవాలి. భయపు గుర్తు ఏది కనబడినా వెనుకటి మెట్టుకు రావాలి. వెనుకకు రావడం ఓటమి కాదు, అది పద్ధతిలో భాగమే.

మొదటి మెట్టు: కత్తెరను కొన్ని అడుగుల దూరంలో నేల మీద ఉంచాలి. కుక్క దానివైపు చూసిన ప్రతిసారీ ఒక ముక్క ఇవ్వాలి.

రెండవ మెట్టు: కత్తెర లేకుండా, కుక్క భుజం మీద చేయి ఉంచి మెల్లగా కాలి వెంట కిందికి జార్చాలి. చేయి తీసే ముందు ముక్క ఇవ్వాలి.

మూడవ మెట్టు: పాదాన్ని ఒక్క క్షణం చేతిలోకి తీసుకొని వదలాలి. క్రమంగా ఆ క్షణాన్ని ఐదు సెకన్ల వరకు పెంచాలి. కుక్క కాలు లాక్కొంటే వెంటనే వదలాలి. వదులుతారనే నమ్మకం కుదిరిన కుక్క లాక్కోవడం తగ్గిస్తుంది.

నాలుగవ మెట్టు: వేలి కింది మెత్తను, పైచర్మాన్ని సున్నితంగా నొక్కి గోరు ముందుకు వచ్చేలా చేయాలి. ఒక్కొక్క వేలికి ఒక్కొక్క ముక్క.

ఐదవ మెట్టు: శబ్దం అలవాటు చేయాలి. గోరు తెగే టక్కుమనే చప్పుడుకే బెదిరే కుక్కలు ఉన్నాయి. కొబ్బరి చీపురు పుల్లను కుక్కకు కొంత దూరంలో కత్తెరతో తుంపి, చప్పుడైన వెంటనే ముక్క ఇవ్వాలి. రోజు రోజుకు ఆ చప్పుడును దగ్గరకు తీసుకురావాలి.

ఆరవ మెట్టు: మూసి ఉన్న కత్తెరను గోటికి తాకించి తీసివేయాలి. ఏమీ కత్తిరించకూడదు.

ఏడవ మెట్టు: ఒకే ఒక్క గోటి కొసను తీసి, నాలుగైదు ముక్కలు పెట్టి, ఆ రోజుకు పాఠం ముగించాలి.

ఈ ఏడు మెట్లకు కొన్ని కుక్కలకు రెండు వారాలు పడితే, మరికొన్నింటికి రెండు నెలలు పట్టవచ్చు. రోజుకు ఒక్క గోరు చొప్పున తీసినా 18 రోజులలో అన్ని గోళ్ళూ పూర్తవుతాయి. నిదానమే ప్రధానమన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. దీపావళి టపాకాయల రోజులలోనూ, ఇంటికి బంధువులు వచ్చిన సందడిలోనూ కొత్త మెట్టు ఎక్కరాదు.

కత్తిరించే వేళ

కుక్కల కోసం చేసిన గోళ్ళ కత్తెరనే వాడాలి. మనుషులు వాడే నెయిల్ కట్టర్ కుక్క గోటిని నలిపి చీల్చే అవకాశం ఉంది. కత్తెర పదును తగ్గితే గోరు తెగక నలుగుతుంది. ఆ నొక్కుడే నొప్పి కలిగిస్తుంది.

వెలుతురు బాగా ఉన్న చోట, కాలు జారకుండా గోనెపట్టా గాని యోగా చాప గాని పరచాలి. నడక తరువాత కుక్క కొంచెం అలసి ఉన్న సమయం అనుకూలం. కుక్క మీదికి వంగక, దాని పక్కన కూర్చోవాలి. ఒకరు గోరు తీస్తుండగా మరొకరు స్టీలు పళ్ళానికి పూసిన చప్పని పెరుగును నాకించవచ్చు. పట్టి అదిమి ఉంచడం ఆ రెండవ వ్యక్తి పని కాదు. పిల్లలను ఆ సమయంలో వేరే గదిలో ఉంచాలి.

తెల్లని గోటిలో గులాబీ రంగు భాగానికి 2 మిల్లీమీటర్ల ముందే ఆగాలి. నల్లని గోటిని ఒకే వేటుతో తీయరాదు. 1 మిల్లీమీటరు మందం గల పలుచని పొరలుగా తీస్తూ, ప్రతి పొర తరువాత తెగిన ముఖాన్ని చూడాలి. మొదట అది పొడిగా, సుద్దలా ఉంటుంది. మధ్యలో చిన్న ముదురు చుక్క కనబడగానే ఆగాలి. ఆ చుక్క వెనుకనే జీవభాగం ఉంది. ఎంత తీయాలో నిశ్చయం లేనప్పుడు తక్కువ తీయడమే మేలు.

నెత్తురు వస్తే

ఎంత జాగ్రత్తపడినా ఒక్కొక్కప్పుడు జీవభాగం తెగుతుంది. ప్రాణాపాయం లేదు గాని, ఇంటివారి కేకలు కుక్క భయాన్ని రెట్టింపు చేస్తాయి. శుభ్రమైన గుడ్డతో గోటి కొసను ఐదు నిమిషాలు నొక్కి పట్టాలి. నెత్తురు ఆపే పొడి పశువైద్య మందుల దుకాణాలలో దొరుకుతుంది. అది లేకపోతే మొక్కజొన్న పిండిని అద్ది నొక్కవచ్చు. కాఫీ పొడి, సున్నం పెట్టరాదు. కుక్క ఆ చోటును నాకుతుంది. కాఫీలోని కెఫీన్ కుక్కకు విషం, సున్నం నాలుకను కాలుస్తుంది. అరగంటకు కూడా నెత్తురు ఆగకపోతే పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. ఆ రోజుకు ఇక కత్తెర ముట్టరాదు. మరునాడు మొదటి మెట్టు నుండి తిరిగి మొదలుపెట్టాలి.

కత్తెర లేని మార్గం

కత్తెరను ఎంతకూ ఒప్పుకోని కుక్కకు గరుకు పలక ఉపయోగపడుతుంది. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు గల చెక్కపలక మీద హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే గరుకు కాగితాన్ని అతికించాలి. పలక కింద తిండి ముక్కను దాచి ఏటవాలుగా పట్టుకొంటే కుక్క దానికోసం ముందు కాళ్ళతో గీరుతుంది. గీరిన ప్రతిసారీ మరొక ముక్క ఇస్తూ పోతే కొన్ని రోజులకు అదొక ఆటగా మారుతుంది. గోళ్ళు వాటంతట అవే అరుగుతాయి. అరికాలి మెత్తలు ఒరుసుకుపోకుండా చూడాలి. వెనుక కాళ్ళ గోళ్ళకు, పైగోళ్ళకు మాత్రం ఈ ఉపాయం అంతగా పనిచేయదు.

ఇంట్లో చేయరాని సందర్భాలు

గోరు చీలి వేలాడుతున్నా, చర్మంలోకి దిగినా, వేలు వాచినా, కుక్క ఇదివరకే ఎవరినైనా కరిచి ఉన్నా ఇంట్లో ప్రయత్నించరాదు. కొత్తగా, ఉన్నట్టుండి పాదం ముట్టనీయకపోతే దానికి కారణం నొప్పి అయి ఉండవచ్చు. ముందు పరీక్ష చేయించాలి. తీవ్రంగా భయపడే కుక్కకు ఆందోళన తగ్గించే మందును గాని మత్తును గాని పశువైద్యుడు నిర్ణయిస్తారు. మనుషుల నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు సొంతంగా వేయడం ప్రాణాంతకం కావచ్చు. గుడ్డతో మూతి బిగించి కట్టడం కూడా కూడదు. కుక్క తన ఒంటి వేడిని నోరు తెరిచి రొప్పడం ద్వారానే తగ్గించుకొంటుంది. చెన్నై ఉక్కపోతలో మూతి బిగిస్తే వడదెబ్బ ప్రమాదం ఉంది.

వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల 1903లో స్థాపితమైనది. దాని బోధనాసుపత్రిలో కుక్కలకు చికిత్స లభిస్తుంది. తమిళం అంతగా రానివారు ఏ ఆసుపత్రిలోనైనా "నాయ్‌క్కు నగం వెట్టణుం" అంటే కుక్కకు గోళ్ళు తీయాలి అని అర్థమవుతుంది. తమిళంలోని 'నగం' మన 'నఖం' మాటే. "రొంబ బయప్పడుం" అంటే బాగా భయపడుతుంది అని. ఈ రెండవ మాటను ముందే చెబితే వైద్యులు తగిన జాగ్రత్త తీసుకొంటారు.

కాటు గాని గీరు గాని పడితే

గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి అద్దరాదు. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని పోవాలి. నెత్తురు రాని చిన్న గీరు కూడా వైద్యునికి చూపించవలసినదే. చర్మంలోకి ఇచ్చే రేబీస్ టీకాను సాధారణంగా 0, 3, 7, 28 రోజులలో వేస్తారు. మధ్యలో మానరాదు. ఇంటి కుక్కే కదా, దానికి టీకా వేయించాము కదా అని సొంతంగా నిర్ణయించుకోకూడదు. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు, కాని సకాలంలో టీకా పడితే ఆ వ్యాధిని నివారించవచ్చు.

చెన్నై కార్పొరేషన్ పరిధిలో పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవడం, ఏటా రేబీస్ టీకా వేయించడం యజమాని బాధ్యత. సందేహాలకు 1913 నెంబరుకు ఫోన్ చేయవచ్చు. కుక్కను వీధిలో వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కాగలదు. ఆ చట్టం వెనుక కృషిచేసినవారు చెన్నై నగరవాసి, కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరుండేల్. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు.

అభ్యాసం

ఇంటివారందరూ కలిసి కింది ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. మొదటి నాలుగింటి జవాబులు పాఠంలోనే ఉన్నాయి.

1. పల్లెలో అరిగే గోరు అపార్టుమెంటులో ఎందుకు అరగదు?

2. కత్తెర ముందా, తిండి ముందా? వరుస మారితే ఏమవుతుంది?

3. నల్లని గోటిని తీసేటప్పుడు ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది?

4. గుర్రుమనే కుక్కను ఎందుకు కొట్టకూడదు?

5. ఇంట్లోని కుక్క ఈ వారం ఏయే భయపు గుర్తులు చూపింది? అవి ఏ సమయంలో, ఎవరు దగ్గరగా ఉన్నప్పుడు కనబడ్డాయి?

అయిదవ ప్రశ్నకు జవాబును ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం మంచిది. ఏ మెట్టు నుండి పాఠం మొదలుపెట్టాలో ఆ కాగితమే చెబుతుంది. పశువైద్యుని వద్దకు పోవలసి వస్తే, ఆయన మొదట అడిగే విషయం కూడా అదే.